అమాత్యధర్మమునకు లక్ష్యము: మొదటి సాలార్‌జంగు జీవితము

రాజ్యమునకు అంగములు ఏడని నీతిశాస్త్రకారుల నిర్ణయము. స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రము అను ఈ ఏడింటిలో స్వామికి పిమ్మట అమాత్యునిదే స్థానము. కౌటిల్యుని అర్థశాస్త్రమునందును, కామందకుని నీతిసారమునందును, మహాభారతము శాంతిపర్వములోని రాజధర్మప్రకరణమునందును అమాత్యుని గుణదోషములు విపులముగా చర్చింపబడినవి. తెలుగున బద్దెన రచించిన నీతిశాస్త్రముక్తావళియు, శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టమును ఈ కోవకు చెందినవే. నేడు రాజులు లేరు. రాజ్యభారము మాత్రము కలదు. నాడు అమాత్యుడు వహించిన భారమును నేడు ప్రభుత్వశాఖల నిర్వాహకులు వహించుచున్నారు.

హైదరాబాదు నగరమునకు పడమట మాదాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము, నానకరామగూడ పరిసరములు 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి హైటెక్ సిటీ, సైబరాబాదు అను పేర్లతో ప్రసిద్ధి వహించినవి. సమాచార సాంకేతిక సంస్థలకు నెలవైన ఈ ప్రాంతమునందును, దానికి చేరువను, ప్రభుత్వాధికారులకు శిక్షణనిచ్చు విద్యాస్థానములు కూడ కలవు. 1956లో స్థాపింపబడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి గచ్చిబౌలిలో ఒక ఆవరణము కలదు. డాక్టర్ మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ జూబిలీహిల్సున కలదు. ఇట్టి చోట్ల నాయకత్వమును గూర్చి ఏ గ్రంథములు చదువదగినవను ప్రశ్న పుట్టుట సహజము. వర్తకసంస్థల అధిపతుల చరిత్రలను చదువుమని చెప్పువారు కలరు. అర్థశాస్త్రమును చదువుమని చెప్పువారును కలరు. రెండవ మాట యుక్తమైనదే. కాని అది సగము మాట.

వ్యాకరణము చదువువానికి సూత్రము మాత్రమే చాలదు. వృత్తికారుడు ఉదాహరణము చూపవలెను. సూత్రము ప్రవర్తింపని చోటును ప్రత్యుదాహరణముతో తెలుపవలెను. నీతిశాస్త్రమునకును ఇదే న్యాయము. శాస్త్రము చెప్పిన లక్షణమునకు లక్ష్యమైన జీవితము కావలెను. ఉదాహరణ ప్రత్యుదాహరణములు రెండును ఒకే జీవితమున లభించినచో ఆ జీవితము శాస్త్రగ్రంథమువలెనే పఠనీయమగును. హైదరాబాదు రాజ్యమునకు 1853 నుండి 1883 వరకు ముప్పది సంవత్సరములు దివానుగా ఉండిన మొదటి సాలార్‌జంగు జీవితము అట్టిది.

వంశము - ప్రథమ వయస్సు

సాలార్‌జంగు బిరుదముతో దివానులైనవారు ముగ్గురు. మూసీతీరమున ఉన్న ప్రదర్శనశాలను చూచినవారు ఆ పేరు వినగానే మూడవ సాలార్‌జంగును తలచెదరు. ఆ వస్తుసంచయమున అధికభాగమును కూర్చిన మీర్ యూసుఫ్ అలీఖాను (1889-1949) అతడే. అతని తండ్రి మీర్ లాయక్ అలీఖాను రెండవ సాలార్‌జంగు. లాయక్ అలీఖానునకు తండ్రియు, యూసుఫ్ అలీఖానునకు తాతయు అయిన మీర్ తురాబ్ అలీఖాను మొదటి సాలార్‌జంగు. ఇచట చెప్పబడునది అతని చరిత్ర.

మీర్ తురాబ్ అలీఖాను 1829లో జన్మించెను. అతని వంశము దివానుల వంశము. నగరములోని చెరువునకు తన పేరు మిగిల్చిన మీర్ ఆలం, అతని అల్లుడు మునీరుల్‌ముల్కు, మునీరుల్‌ముల్కు కుమారుడు సిరాజుల్‌ముల్కు, వీరెల్లరు దివానుగిరి చేసినవారే. బాల్యముననే తండ్రిని కోల్పోయిన తురాబ్ అలీఖాను పెద్దల సంరక్షణమున పెరిగి, తండ్రి సోదరుడైన సిరాజుల్‌ముల్కునకు అభిమానపాత్రుడయ్యెను. అతని చదువు విశేషమైనది కాదు. కులీనుల బిడ్డలకు నాడు చెప్పించెడి పారసీకము, అరబ్బీ నేర్చెను; ఆంగ్లమును తరువాత స్వయంకృషితో అలవరచుకొనెను.

పందొమ్మిదేండ్ల ప్రాయమున ఖమ్మము ప్రాంతమునకు తాలూక్‌దారుగా కొలదికాలము పనిచేసెను. అంతకు ముందు అచట అధికారము నెరపిన డైటన్ అను ఆంగ్లేయుడు శిస్తు వసూలునందు ఒక క్రమమును ఏర్పరచియుండెను. యువకుడైన తురాబ్ అలీఖాను దానిని శ్రద్ధతో గ్రహించెను. తరువాత తన కుటుంబపు జాగీరులను తానే చూచుకొనెను. రైతునుండి రూపాయి బయలుదేరి ఖజానా చేరులోపల ఎన్ని చేతులు మారునో, ఎచ్చట ఎంత తరుగునో అతడు దివాను కాకముందే గ్రామములలో తెలిసికొనెను. అర్థశాస్త్రము రెండవ అధికరణమున ధనాపహరణ మార్గములు నలువది లెక్కింపబడినవి. వానిలో పెక్కింటిని ఇతడు గ్రంథమున చదువక, కన్నులార చూచెను.

శిథిలమైన కోశము

అతడు దివాను అగునాటి రాజ్యస్థితిని తెలియక అతని కార్యము విలువ తెలియదు. చందూలాలు కాలమునుండి, పామరు కంపెనీ లావాదేవీలనుండి, రాజ్యము ఋణములలో మునిగియుండెను. ఆంగ్లేయ సేనానుల చేతిక్రింద, నిజాము ఖర్చున నడిచెడి కంటింజెంటు సైన్యమునకు జీతములు బకాయిపడెను. ఆ బాకీని నిమిత్తముగా చూపి ఈస్టిండియా కంపెనీవారు 1853 మే నెలలో సంధిపత్రము వ్రాయించుకొని బేరారు, రాయచూరు అంతర్వేది, నల్‌దుర్గము ప్రాంతములను తమ నిర్వహణమునకు తీసికొనిరి. సంధి జరిగిన కొలది దినములకే దివాను సిరాజుల్‌ముల్కు మరణించెను. ఆ మే నెల ముగియకముందే నిజాము నాసిరుద్దౌలా ఇరువదినాలుగేండ్ల తురాబ్ అలీఖానును దివానుగా నియమించెను.

రాజ్యమున మిగిలిన భూమికైనను దివాను నిజమైన అధికారి కాడు. తాలూకాలను గుత్తకు తీసికొన్న తాలూక్‌దారులు ప్రభుత్వమునకు కొంత ముట్టచెప్పి, మిక్కిలిగా వసూలు చేసికొనెడివారు. సాహుకారులును, అరబ్బు రోహిల్లా జమాదారులును ప్రభుత్వమునకు అప్పులిచ్చి, వానికి ఈడుగా గ్రామములను పట్టుకొనియుండిరి. పంట చేతికి రాకముందే శిస్తు వ్యయమయ్యెడిది. ఆయవ్యయములను తెలుపు దఫ్తరములు కూడ వంశపారంపర్యముగా కొన్ని కుటుంబముల చేతిలో ఉండెను. దఫ్తరె మాల్, దఫ్తరె దివానీ అను ఈ రెండింటి లెక్కలు రాజ్యపు సొత్తో, ఆ ఇండ్ల సొత్తో చెప్పుటకు వీలులేని స్థితి.

సాలార్‌జంగు చేసిన మొదటిపని కోశమును తన దృష్టిక్రిందికి తెచ్చుట. నగరమున కేంద్ర ఖజానాను ఏర్పరచి, రాబడి పోకడలు అచ్చటనే లెక్కకు వచ్చునట్లు చేసెను. కుదువలో ఉన్న తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించుకొనుచు వచ్చెను. అరబ్బు జమాదారులను ఒక్కపెట్టున ఎదిరింపలేదు. వారి బాకీలను లెక్కగట్టి తీర్చుచు, విడివడిన భూమి మరల వారి చేతికి పోకుండ కాపాడెను. గుత్తదారుల స్థానమున నెలజీతమునకు పనిచేయు తాలూక్‌దారులను నియమించెను. వంశపారంపర్యపు దఫ్తరదారులను అవమానింపక, ప్రక్కన క్రొత్త కార్యాలయములను నెలకొల్పి, పనిని క్రమక్రమముగా అందులోనికి మరల్చెను. పాతవారికి గౌరవము మిగిలెను, అధికారము తరిగెను.

జిల్లాలలోని పలు టంకసాలలలో వేర్వేరు విలువల నాణెములు ముద్రింపబడుటచే వర్తకులును రైతులును నష్టపోవుచుండిరి. నాణెముల ముద్రణము నగరమునకు చేర్పబడెను. 1858 తరువాత ఢిల్లీ చక్రవర్తి పేరు తొలగి, ఆసఫ్‌జాహీ పేరుతో హాలీ సిక్కా వాడుకలోనికి వచ్చెను.

అక్షపటలమని కౌటిల్యుడు చెప్పిన లెక్కల స్థానము, భృత్యులకు నియతమైన వేతనము, ఆ వేతనముల మొత్తము రాబడిలో నాల్గవవంతు మించరాదను కట్టుబాటు, ఇవి అర్థశాస్త్రమున ప్రసిద్ధములు. సాలార్‌జంగు ఆ గ్రంథమును చదువలేదు. చదువుటకు అది లోకమున లేదు. మైసూరు ప్రాచ్యపుస్తక భాండాగారమున శామశాస్త్రి గారికి లభించిన తాళపత్రప్రతి 1909లో ముద్రితమయ్యెను. అప్పటికి సాలార్‌జంగు గతించి ఇరువదియారేండ్లు. గ్రంథము చదువకయే గ్రంథోక్తమైన మార్గమును పట్టినవాని చరిత్ర, ఆ మార్గము ఊహామాత్రము కాదనుటకు సాక్ష్యము.

1857వ సంవత్సరము

ఉత్తరదేశమున తిరుగుబాటు చెలరేగిన 1857 మే నెలలోనే నిజాము నాసిరుద్దౌలా మరణించెను. అఫ్జలుద్దౌలా సింహాసనమెక్కెను. నగరమున ఉద్రేకము హెచ్చెను. జూలై 17వ తేదీ సాయంకాలము తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అలాఉద్దీను నాయకత్వమున రోహిల్లాలు కోఠిలోని రెసిడెన్సీపై దాడి చేసిరి. దివాను ముందుగనే రెసిడెంటు డేవిడ్‌సనునకు వార్త పంపియుండెను. దాడి విఫలమయ్యెను. తుర్రేబాజ్‌ఖాను పట్టుబడి, చెరనుండి తప్పించుకొని, 1859 జనవరిలో తూప్రాను సమీపమున చంపబడెను. మౌల్వీ అలాఉద్దీను అండమాను దీవులకు పంపబడెను.

ఈ విషయమున సాలార్‌జంగును గూర్చిన తీర్పు ఏకరూపముగా లేదు. దేశస్వాతంత్ర్య దృష్టితో చూచినవారు అతడు పరాయివారి పక్షము వహించెనని నిందించిరి. రాజ్యరక్షణ దృష్టితో చూచినవారు, దక్కను అంతయు రణరంగము కాకుండ కాపాడెనని మెచ్చిరి. తుర్రేబాజ్‌ఖాను స్మృతి కోఠి ప్రాంతమున నేటికిని నిలిచియున్నది, అది న్యాయము. దివాను కృత్యమును తూచునప్పుడు అతనికి లభ్యమైన బలమెంత అనునది కూడ చూడవలెను. కోశము కుదుటపడి నాలుగేండ్లు కాలేదు. సైన్యము కంపెనీ చేతిలోనిది. క్రొత్తగా గద్దెనెక్కిన స్వామి మనస్సు స్థిరపడలేదు. సంధి విగ్రహములలో హీనబలుడు సంధినే ఆశ్రయింపవలెనని షాడ్గుణ్య ప్రకరణము చెప్పును. అతడు ఆ మార్గమునే పట్టెను. దానివలన వచ్చిన అపకీర్తిని జీవితాంతము మోసెను. 1859లో ఒకసారి, 1868లో ఒకసారి అతనిపై హత్యాప్రయత్నములు జరిగినవి. ఆ పిమ్మటను అతని దినచర్య మారలేదు.

ఈ విధేయతకు ఫలముగా 1860 సంధిలో రాయచూరు అంతర్వేదియు నల్‌దుర్గమును తిరిగి వచ్చెను. సురపురము రాజ్యమున చేరెను. ఏబది లక్షల ఋణము రద్దయ్యెను. బేరారు మాత్రము తిరిగి రాలేదు.

స్వామి - అమాత్యుడు

బయటి శత్రువులకంటె ఇంటిలోని సంశయము అతనిని ఎక్కువ బాధించెను. అఫ్జలుద్దౌలా తన దివానును నమ్మలేదు. ఆంగ్లేయులతో అతని మైత్రి తన అధికారమునకు ముప్పని శంకించెను. నగరము వెలుపలి తోటకు పోవలెనన్నను, విందు చేయవలెనన్నను దివాను స్వామి అనుమతి కోరవలసి వచ్చెడిది. దివానుగిరినుండి తొలగించుటకు అంతఃపురములోని వారు 1861లో పన్నాగము పన్నిరి. 1867లో సాలార్‌జంగు తానే పదవిని విడుచుటకు సిద్ధపడెను. రెండుసారులును రెసిడెంటు నడుమ నిలిచెను. దివాను పదవి నిలిచెను. స్వామి అనుమానమునకు మరియొక కారణము చేరెను.

రాజును ఆశ్రయించి బ్రతుకువాడు నిప్పుదగ్గర మెలగువానివలె జాగరూకుడై ఉండవలెనని అనుజీవివృత్తమున కౌటిల్యుని ఉపదేశము. సాలార్‌జంగు పదునారేండ్లు ఆ నిప్పుదగ్గర మెలగెను. స్వామిని ఒక్కమాటతోనైనను బహిరంగముగా తక్కువ చేయలేదు. చేసిన మంచిపనులకు స్వామి పేరే పెట్టించెను. తన అధికారము ఏ క్షణమున పోవునో తెలియని వాడు రెండు విధములుగా ప్రవర్తింపవచ్చును. చేతనున్నంతలో కూడబెట్టుకొనుట ఒకటి. తాను పోయినను చెదరని పనిని త్వరగా నిలుపుట రెండవది. అతడు రెండవదానిని ఎంచుకొనెను. ఆ పనియే జిలాబందీ.

జిలాబందీ

1864లో మాల్గుజారీ మండలి ఏర్పడెను. 1865లో జిలాబందీ అను పేర రాజ్యము జిల్లాలుగను, జిల్లాలు తాలూకాలుగను విభజింపబడెను. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, అతని క్రింద దోయం, సోయం తాలూక్‌దారులు, తాలూకాకు తహసీలుదారు నియమితులైరి. కొన్ని జిల్లాలను కలిపి సుబాగా చేసి దానిపై సదర్ తాలూక్‌దారును ఉంచిరి. జిల్లా పోలీసు వేరుగా ఏర్పడెను. 1868లో న్యాయము, రెవెన్యూ, పోలీసు, ఇతర శాఖలు అను నాలుగు విభాగములకు నలుగురు సదరుల్‌మహాములు నియమింపబడిరి. 1875లో బొంబాయి పద్ధతి ననుసరించి భూమికొలత, శిస్తు నిర్ణయము మొదలయ్యెను.

ఈ పేర్ల వెనుకనున్న మార్పు గ్రామములోని రైతునకు తెలిసెను. పూర్వము శిస్తు వసూలు చేయువాడే తగవు తీర్చువాడు, దండనాధికారియు అతడే. ఏడాదికొకమారు గుత్తదారు మారినచో లెక్కయు మారెడిది. జిలాబందీ తరువాత భూమికి హద్దు, శిస్తునకు పరిమాణము, అధికారికి జీతము, అతనిపై మరియొక అధికారి ఏర్పడెను. అధికారి మీద ఫిర్యాదు చేయుటకు ఒక చోటు దొరకెను. పని మనిషినుండి పదవికి మారెను. తెలంగాణమున తహసీలుదారు అను పదము నేటికిని రెవెన్యూ అధికారిని తెలుపుచుండుట ఆ నాటి కట్టడి మిగిల్చిన గురుతు.

సంస్కరణమునకు హద్దును కలదు. ఇది దివానీ భూములకే ప్రధానముగా వర్తించెను. పాయిగాలు, జాగీరులు, సంస్థానములు, నిజాము సొంత వ్యయమునకు కేటాయింపబడిన సర్ఫెఖాసు భూములు దీనికి చాలవరకు బయటనే ఉండెను. నగరము చుట్టునున్న ప్రాంతమునకు నాడు అత్రాఫె బల్దా అని పేరు. అది ప్రధానముగా సర్ఫెఖాసు భూమి. నేడు హైటెక్ సిటీ వెలసిన పడమటి పరిసరములు ఆ నగరోపాంతములోనివే. సర్ఫెఖాసు విలీనమును, జాగీరుల రద్దును 1949లో గాని జరుగలేదు. సాలార్‌జంగు ప్రారంభించిన పని పూర్తియగుటకు ఎనుబదినాలుగేండ్లు పట్టెనన్నమాట.

1850ల నడుమ దారుల్‌ఉలూం విద్యాలయము స్థాపింపబడెను. వాడి నుండి సికింద్రాబాదునకు 1874లో రైలు నడిచెను. ఈ రెండును అతని దివానుగిరిలోని ప్రధాన ఘట్టములే. ఆ రైలు మార్గమునకు నిజాము ప్రభుత్వమే ధనభారము వహించుటచే కోశముపై మరల ఒత్తిడి కలిగెనని కూడ చెప్పవలెను.

ప్రత్యుదాహరణములు

అతని పరిపాలనమున రెండు లోపములు విచారణీయములు. మొదటిది భాష. రాజ్యమున తెలుగు, మరాఠీ, కన్నడము మాటలాడువారే అత్యధికులు. దఫ్తరముల భాష పారసీకము. 1859లో ప్రతి తాలూకా, జిల్లా కేంద్రములందు రెండేసి బడులు, ఒకటి పారసీకమునకు, ఒకటి దేశభాషకు, తెరువవలెనని ఉత్తరువు వెలువడెను. దేశభాషకు బడిలో చోటు కలదని ఒప్పుకొన్న ప్రభుత్వము దఫ్తరములో ఆ చోటు ఇయ్యలేదు. అతని మరణానంతరము 1884లో పారసీకము తొలగి ఉర్దూ వచ్చెను. అప్పుడును తెలుగు రైతు వ్రాతకు పరాధీనుడే. జయించిన దేశమున రాజు ప్రజల భాషా వేష శీలములను తాను గ్రహింపవలెనని లబ్ధప్రశమనాధ్యాయమున అర్థశాస్త్రము విధించినది. ఈ సూత్రము హైదరాబాదు రాజ్యమున ప్రవర్తింపలేదు. ఆ లోటును పూరించుటకే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1930లో జోగిపేటయందు ఆంధ్రమహాసభ సమావేశమయ్యెను. భూమిని కొలిపించి, శిస్తును నిర్ణయించి, రైతును గుత్తదారుని పిడికిలినుండి విడిపించిన దివాను, ఆ రైతునకు తన పట్టా తానే చదువుకొను వీలు కల్పింపలేదు.

రెండవది మనుష్యుల కూర్పు. క్రొత్త శాఖలకు శిక్షణ పొందినవారు కావలసివచ్చి, 1870 తరువాత సయ్యదు హుసేను బిల్‌గ్రామీ, మొహసినుల్‌ముల్కు, వికారుల్‌ముల్కు వంటి సమర్థులను ఉత్తరదేశమునుండి పిలిపించెను. వారు రాజ్యమునకు చేసిన సేవ గొప్పది. కాని స్థానికులను అదే స్థాయికి తెచ్చు పని అంతవేగముగా సాగలేదు. ముల్కీ, గైర్ముల్కీ భేదమునకు ఇచట విత్తు పడెను. ఆ వివాదము ఆసఫ్‌జాహీ పాలనతో అంతము కాక, 1952లోను 1969లోను ఉద్యమరూపమున మరల తలయెత్తెను. సమర్థుని దూరమునుండి తెచ్చుట ఒక వత్సరములో సాధ్యము. దగ్గరివానిని సమర్థుని చేయుటకు ఒక తరము కావలెను. మొదటిదానితో తృప్తిపడిన అధికారి రెండవదాని మూల్యమును తన వారసులచే చెల్లింపజేయును.

బేరారు కొరకు

1869లో అఫ్జలుద్దౌలా మరణించెను. రెండేండ్లు నిండి కొలదిమాసములైన మీర్ మహబూబ్ అలీఖాను నిజాము అయ్యెను. సాలార్‌జంగును అమీరె కబీరు షమ్‌సుల్‌ఉమ్రాయును సహప్రతినిధులుగా రాజ్యము నడిపిరి. స్వామి బాలుడైనందున దివానుకు తొలిసారిగా చేతులాడెను. ఆ స్వేచ్ఛను అతడు బేరారును తిరిగి తెచ్చుటకు వినియోగించెను. బాకీ కారణముగా తీసికొన్న భూమిని బాకీ తీరిన పిమ్మట మరల ఇయ్యవలెనని అతని వాదము. కంటింజెంటు వ్యయమునకు పూచీగా ధనము చూపెదనని విన్నవించెను.

1876లో ఇంగ్లండు పయనమయ్యెను. దారిలో పారిసున జారిపడి గాయపడినను ప్రయాణము మానలేదు. లండనున గౌరవములు జరిగినవి. ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయము గౌరవ పట్టమిచ్చెను. బేరారు మాత్రము దక్కలేదు. పైపెచ్చు, 1877లో సహప్రతినిధి మరణింపగా, సాలార్‌జంగునకు ఇష్టుడు కాని వికారుల్‌ఉమ్రాను ఆ స్థానమున ఆంగ్లేయ ప్రభుత్వము నిలిపెను. 1857లో ఎవరిపక్షము వహించి అపకీర్తి మోసెనో, వారే అతని న్యాయమైన కోరికను త్రోసిపుచ్చిరి. అయినను అతడు పరిపాలనమున అలసత్వము చూపలేదు. 1881లో వికారుల్‌ఉమ్రా మరణించిన పిమ్మట ఒంటరిగా రాజ్యభారము వహించెను.

నిర్యాణము

1883 ఫిబ్రవరి 7న, హైదరాబాదు వచ్చిన మెక్లెన్‌బర్గు ప్రభువుకొరకు మీర్ ఆలం చెరువున నౌకావిహారము ఏర్పాటయ్యెను. ముత్తాత పేరు వహించిన చెరువున అతిథిని ఆదరించిన దివాను మరునాడు, ఫిబ్రవరి 8న, విషూచివ్యాధిచే మరణించెను. వయస్సు ఏబదినాలుగు. దైరా మీర్ మోమినులోని కుటుంబ శ్మశానమున అతనిని ఖననము చేసిరి.

స్వామికి అప్పటికి పదునారేండ్లు. దివాను స్థానమునకు సిద్ధపడినవాడు ఎవ్వడును లేడు. ప్రతి ముఖ్యవిషయమును తానే చూచి తానే నిర్ణయించుట సాలార్‌జంగు పద్ధతి. సదరుల్‌మహాములు ఉన్నను తుదిమాట అతనిదే. మంత్రాలోచనకు ముగ్గురో నలుగురో మంత్రులుండవలెనని కౌటిల్యుడు విధించుటకు కారణము ఇట్టి సమయమున తెలియును. 1884లో అధికారము చేపట్టిన యువనిజాము, సాలార్‌జంగు కుమారుడు లాయక్ అలీఖానును దివానుగా నియమించెను. అతడు మూడేండ్లకే పదవిని వీడి, 1889లో చిన్నవయసుననే మరణించెను. దర్బారున పక్షములు, కుట్రలు పెచ్చుపెరిగినవి.

కాని ఆ కలతలలో జిల్లా చెదరలేదు. అవ్వల్ తాలూక్‌దారు కచ్చేరి నడిచెను, తహసీలుదారు శిస్తు లెక్క వ్రాసెను, ఖజానా తెరువబడెను. దివాను స్థానము శూన్యమైనను, దివాను నిలిపిన స్థానములు శూన్యములు కాలేదు.

లక్ష్యలక్షణ సమన్వయము

ఈ జీవితమునుండి నేటి పాలనాధికారి గ్రహింపదగిన విషయములను ఇట్లు సంగ్రహింపవచ్చును. కోశశుద్ధి లేనిది ఏ సంస్కరణమును నిలువదు. కావున సాలార్‌జంగు మొదట ఖజానాను పట్టెను. పాతవ్యవస్థను పడగొట్టుటకు ముందు దాని ప్రక్కన క్రొత్తదానిని నిలుపవలెను. దఫ్తరములయందును అరబ్బు బాకీలయందును అతడు ఈ క్రమమునే పాటించెను. తన పదవి అస్థిరమని తెలిసినవాడు స్థిరమైన పదవులను సృష్టింపవలెను. జిలాబందీ దానికి ఉదాహరణము. ప్రజల భాషలో సాగని పరిపాలనము ప్రజలది కాదు. సమీపమువానిని సమర్థుని చేయని నాయకత్వము తన తరముతో ముగియును. నిర్ణయమంతయు ఒక్కని చేతనుంచుకొన్నచో ఒక్కరాత్రి మరణము రాజ్యమును కలవరపెట్టును. ఈ మూడును ప్రత్యుదాహరణములు.

ఇందు ఉదాహరణములకంటె ప్రత్యుదాహరణములే నేటి అధికారికి ఎక్కువ ఉపకరించును. కోశమునకు లెక్క, అధికారికి జీతము, జిల్లాకు హద్దు నేడు క్రొత్తగా ఏర్పరుపవలసినవి కావు; అవి ఏనాడో స్థిరపడినవి. సైబరాబాదు సౌధములలో యంత్రములు లెక్కలను క్షణములలో తేల్చుచున్నవి. ఆ లెక్క తన భాషలో రైతునకు చేరుచున్నదా, ఆ కార్యాలయమున తరువాతి తరము సిద్ధమగుచున్నదా అను ప్రశ్నలు మాత్రము 1883లో ఎట్లు మిగిలెనో నేడును అట్లే ఉన్నవి.

ప్రాచ్యకళాశాలలయందు అర్థశాస్త్రమును బోధించు పండితులు అధ్యక్షప్రచారము, షాడ్గుణ్యము, లబ్ధప్రశమనము చెప్పునప్పుడు ఈ చరిత్రను లక్ష్యముగా స్వీకరించినచో శాస్త్రము విద్యార్థికి దగ్గరగును. శిక్షణసంస్థలలో నాయకత్వ గ్రంథముల పట్టికను కూర్చువారు అర్థశాస్త్రమునకు ప్రక్కన దీనిని చేర్చినచో అధికారికి తాను నిలిచిన నేల తెలియును.